కొటేషన్‌లో కనిపించని దీనార్లు

కువైట్‌లో కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ వచ్చినప్పుడు మన వాళ్లు ప్రీమియం చూసి పాలసీ కొంటున్నారు. అసలు ఖర్చు మాత్రం గుద్దుకున్న రోజు బయటపడుతోంది.

కువైట్‌లో కారున్న ప్రతి మనిషికీ ఏడాదిలో ఒక తేదీ గుర్తుంటుంది. అది దఫ్తర్, అంటే కారు రిజిస్ట్రేషన్ కాగితం, గడువు తీరే రోజు. ఇన్సూరెన్స్ లేనిదే దఫ్తర్ రెన్యువల్ కాదు. దఫ్తర్ తీరిపోయిన కారు రోడ్డెక్కితే మురూర్ (ట్రాఫిక్ పోలీసు) వాళ్లు ఊరుకోరు. అందుకే గడువు దగ్గరపడుతుండగానే ఫోన్ మోగడం మొదలవుతుంది. నిరుటి కంపెనీ నుంచి ఒక మెసేజ్, ఆఫీసులో పక్కసీటు మిత్రుడు చెప్పిన ఏజెంటు నుంచి ఒక పీడీఎఫ్, లోను మీద కొన్న కారైతే ఫైనాన్స్ వాళ్ల నుంచి ఇంకొకటి వస్తాయి. కారు ఒకటే, ధరలు మూడు. చాలామంది మూడింటిలో తక్కువున్న దానికి కె-నెట్‌లో డబ్బు కట్టేసి, పాలసీ కాపీని గ్లవ్‌బాక్స్‌లో పడేసి, మళ్లీ ఏడాది దాకా దాని ముఖం చూడరు.

కడప, రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, నెల్లూరు నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సాల్మియా, అబ్బాసియా, ఫర్వానియా, మంగాఫ్, మహబూలాలో ఏ భవనం కింద చూసినా మన వాళ్ల కార్లు కనిపిస్తాయి. మండే ఎండల్లో బస్టాపు దగ్గర నిలబడటం కష్టమయ్యే ఆ దేశంలో కారు అవసరం. పైగా విదేశీయుడికి లైసెన్సు అంత తేలిగ్గా రాదు. సాధారణంగా డిగ్రీ ఉండాలి, 600 దీనార్ల జీతం ఉండాలి, దేశంలో రెండేళ్లు ఉండి ఉండాలి. ఇంత కష్టపడి సంపాదించుకున్న లైసెన్సుతో, నెలనెలా మిగుల్చుకున్న డబ్బుతో కొన్న కారు అది. దీనారు విలువ మన డబ్బులో 280 రూపాయలకు పైమాటే. పాలసీలో ఒక్క గడి చదవకుండా వదిలేస్తే జరిగే నష్టం ఇంటికి పంపాల్సిన ఒక నెల డబ్బుకు సమానం కావచ్చు.

ఈ కథనం అలాంటి గడుల గురించే.

థర్డ్ పార్టీ ఎవరి కోసం?

కువైట్‌లో ప్రతి వాహనానికీ తప్పనిసరిగా ఉండాల్సింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. 1976 నాటి 67వ నంబరు ట్రాఫిక్ చట్టం, దాని కింద అదే ఏడాది వచ్చిన 81వ నంబరు నిబంధనలు దీనికి పునాది. ప్రైవేటు సెడాన్ కారుకు ఈ పాలసీ ధర చాలా ఏళ్లుగా 19 దీనార్ల చుట్టూనే తిరుగుతోంది, పైన చిన్న రుసుములు కలుస్తాయి. ఇక్కడ కంపెనీల మధ్య బేరానికి పెద్దగా చోటు లేదు. ఎవరైనా ఏజెంటు థర్డ్ పార్టీకే అంతకు బాగా ఎక్కువ అడుగుతున్నాడంటే ఏదో అదనపు సదుపాయాన్ని దాంట్లో కలిపేశాడని అర్థం. అదేమిటో అడిగి తెలుసుకోవాలి, అక్కర్లేకపోతే తీసేయమనాలి.

ఈ పాలసీ అవతలివాళ్లకు జరిగిన నష్టం కడుతుంది. మీ కారు తగిలి దెబ్బతిన్న మనిషికి, ఎదుటి కారుకు, కూలిన గోడకు కడుతుంది. తప్పు మీదైతే మీ సొంత కారుకు ఒక్క ఫిల్సు కూడా రాదు. దానికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది, అది చాలామందికి తెలియదు. తప్పు చేసిన డ్రైవరు తన సొంత పాలసీకి థర్డ్ పార్టీ కాడు. అతనికి కాలు విరిగినా, ప్రాణమే పోయినా ఈ పాలసీ అతని కుటుంబానికి పైసా ఇవ్వకపోవచ్చు.

కట్టిన డబ్బును కంపెనీ తిరిగి రాబట్టుకునే సందర్భాలూ ఉన్నాయి. లైసెన్సు లేని మనిషి నడిపినప్పుడు, మత్తులో నడిపినప్పుడు, పాలసీలో రాసిన అవసరానికి కాకుండా వేరే పనికి కారు వాడినప్పుడు కంపెనీ బాధితుడికి కట్టేసి, ఆ మొత్తం కోసం కారు యజమాని మీద, డ్రైవరు మీద దావా వేయగలదు. ప్రమాదంలో ఒక మనిషి చనిపోతే కట్టాల్సిన పరిహారం, దియా, 1980 నాటి కువైట్ పౌర చట్టం కింద 10 వేల దీనార్లతో మొదలైంది. ఆ కనీస లెక్కే మన డబ్బులో 28 లక్షలు దాటుతుంది. 19 దీనార్ల పాలసీ వెనక ఇంత బరువుంది.

జీతం మీద బతుకుతూ, సాయంత్రం పూట సొంత కారులో స్కూలు పిల్లలనో, ఆఫీసు వాళ్లనో డబ్బుకు ఎక్కించుకుని తిప్పేవాళ్లు తర్వాతి వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పడం ఉండదు. నెలకు వచ్చే ముప్పై నలభై దీనార్ల కోసం ఇన్సూరెన్స్ రక్షణ మొత్తాన్ని పణంగా పెట్టడమే అవుతుంది. లైసెన్సు లేని టాక్సీ కింద పట్టుబడితే దేశం నుంచి పంపించేసే ప్రమాదం వేరే ఉంది.

రెండు కొటేషన్లు, ఒక గుద్దు

ఇక సొంత కారు నష్టానికి కూడా కట్టే ఫుల్ ఇన్సూరెన్స్ దగ్గరికొద్దాం. కొటేషన్ల పోటీ అంతా ఇక్కడే.

నిస్సాన్ సన్నీయో, టయోటా కరోలాయో అనుకోండి. విలువ 3,500 దీనార్లు. మొదటి కంపెనీ 105 దీనార్లు అడిగింది, రెండో కంపెనీ 88. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ కంపెనీ ధరలూ కావు. తేడా 17 దీనార్లు. రెండోదే లాభం అనిపిస్తుంది. ఇప్పుడు రెండు కాగితాల్లోనూ రెండో పేజీ తిప్పండి. మొదటి పాలసీలో ప్రతి క్లెయిముకూ మీరు భరించాల్సిన మొత్తం 50 దీనార్లు, కొత్త విడిభాగాలకు తరుగు కోత లేదు. రెండో పాలసీలో మీరు భరించాల్సింది 100 దీనార్లు, పైగా విడిభాగాల ధరలో 20 శాతం తరుగు కింద మీ నెత్తినే పడుతుంది.

ఫిఫ్త్ రింగ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ముందు కారుకు తగిలింది. బంపర్, హెడ్‌లైట్, గ్రిల్ పోయాయి. బిల్లు 260 దీనార్లు, అందులో విడిభాగాలు 180. మొదటి పాలసీ ఉన్నవాడు 50 కట్టి కారు తెచ్చుకుంటాడు. రెండోవాడు 100 ప్లస్ 180లో 20 శాతం అయిన 36, మొత్తం 136 కడతాడు. ప్రీమియంతో కలిపి చూస్తే మొదటివాడి ఖర్చు 155, రెండోవాడిది 224. చౌక అనుకున్న పాలసీ 69 దీనార్లు ఎక్కువ తినేసింది.

మరి ఏడాదంతా ఏ గుద్దూ జరగకపోతే? అప్పుడు రెండోవాడే 17 దీనార్లు మిగుల్చుకున్నట్టు. కాబట్టి చౌక పాలసీ ఎప్పుడూ మోసమే అనడం సరికాదు. బ్యాంకులో రెండు మూడొందల దీనార్లు ఎప్పుడూ ఉంచుకోగలిగిన మనిషికి ఎక్కువ మొత్తం తనే భరించే పాలసీ మంచి బేరమే. జీతం పడిన రోజు సాయంత్రానికే ఎక్స్ఛేంజి కౌంటర్ ముందు నిలబడే మనిషికి, నెల మధ్యలో 136 దీనార్లు పుట్టించలేని మనిషికి మాత్రం ఆ 17 దీనార్లు ముందే కట్టేయడం మేలు. ఎవరికి ఏది సరిపోతుందో ప్రీమియం గడి చెప్పదు. గుద్దిన రోజు మన జేబులోంచి ఎంత పోతుందన్న ప్రశ్నే చెబుతుంది. కొటేషన్ పంపిన ప్రతి ఏజెంటునూ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ‘260 దీనార్ల బిల్లు వస్తే నేనెంత కట్టాలి?’ జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ జవాబు పాలసీ షెడ్యూలులో ఉన్నదానితో కలవాలి.

చిన్న గీతల సంగతి వేరు. 70 దీనార్ల పెయింటు పనికి 50 మీరే భరించే పాలసీలో క్లెయిము వేస్తే వచ్చేది 20. దాని కోసం పోలీసు రిపోర్టు, సర్వేయరు, గ్యారేజీ చుట్టూ తిరగాలి. ఆ క్లెయిము రికార్డులో పడితే మరుసటి ఏడాది రెన్యువల్ ధర పెరగొచ్చు. షువైఖ్ పారిశ్రామిక వాడలో సొంత ఖర్చుతో చేయించుకోవడమే నయం.

భరించే మొత్తం కూడా అందరికీ ఒకటే ఉండదు. 25 ఏళ్లలోపు వాళ్లు, లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాని వాళ్లు నడుపుతుండగా ప్రమాదం జరిగితే రెట్టింపో, అంతకంటే ఎక్కువో కట్టమనే నిబంధన చాలా పాలసీల్లో కనిపిస్తుంది. ఇంట్లో కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కొడుకో, భార్యో నడుపుతుంటే రెన్యువల్ సమయంలో వాళ్ల సంగతి చెప్పి తీరాలి.

విలువ ఎంత రాయాలి?

కారు విలువ ఎక్కువ రాయిస్తే కారు పోయినప్పుడు ఎక్కువ వస్తుందని చాలామంది ఆశ. అలా రాదు. బజారులో 2,800 పలికే కారుకు 3,500 రాయించి ప్రీమియం కట్టినా, కారు పూర్తిగా దెబ్బతిన్న రోజున కంపెనీ ఆనాటి బజారు విలువే లెక్కగడుతుంది. మిగతా ఏడొందల మీద కట్టిన ప్రీమియం గాలికి పోయినట్టే. తక్కువ రాయించడం ఇంకా ప్రమాదం. 2,800 కారును 2,000గా చూపిస్తే చిన్న బిల్లులకు కూడా అదే నిష్పత్తిలో కోత పెట్టే నిబంధన ఉండొచ్చు.

సెకండ్ హ్యాండ్ కార్ల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. కార్ల అమ్మకాల్లో నగదు చెల్లింపులను కువైట్ వాణిజ్య శాఖ 2024 అక్టోబర్ నుంచి నిషేధించింది. డబ్బు బ్యాంకు ద్వారా కట్టాలి కాబట్టి కొన్న ధరకు రుజువు చేతిలో ఉంటుంది. ఆ రసీదును దాచుకుంటే మొదటి ఏడాది విలువ మీద వాదన రాదు. రెన్యువల్ నాటికి అదే మోడల్, అదే ఏడాది, అదే మైలేజీ ఉన్న కార్ల ధరలు ఓసారి చూసుకుని, నిరుటి అంకెను తగ్గించమని అడగడం మన పని. కంపెనీ తనంతట తాను తగ్గిస్తుందని కూర్చోకూడదు.

నమ్మకానికి జరిమానా

కువైట్ ఇన్సూరెన్స్ రంగం చిన్నదేమీ కాదు. కువైట్ ఇన్సూరెన్స్ కంపెనీ 1960లో పుట్టింది. గల్ఫ్ ఇన్సూరెన్స్, అల్ అహ్లియా 1962లో, వర్బా 1976లో వచ్చాయి. మన ప్రభుత్వ రంగ సంస్థలు న్యూ ఇండియా అష్యూరెన్స్, ఓరియంటల్ కూడా అక్కడ వ్యాపారం చేస్తున్నాయి. వీటన్నిటి మీదా పర్యవేక్షణకు 2019 నాటి 125వ నంబరు చట్టంతో ఇన్సూరెన్స్ రెగ్యులేటరీ యూనిట్ ఏర్పడింది. 1961 నాటి పాత చట్టానికి బదులుగా వచ్చిన ఈ చట్టం కిందనే ఇప్పుడు కంపెనీలకు, ఏజెంట్లకు లైసెన్సులు ఇస్తున్నారు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునేదీ ఈ సంస్థే.

గల్ఫ్ ఇన్సూరెన్స్ గ్రూప్‌కు మన నేలతో ఒక సంబంధం ఉంది. కెనడాకు చెందిన ఫెయిర్‌ఫాక్స్ సంస్థ 2010లో ఇందులో 40 శాతానికి పైగా వాటా కొని, 2023 డిసెంబర్‌లో దాన్ని 90 శాతానికి పెంచుకుంది. ఆ ఫెయిర్‌ఫాక్స్‌ను 1985 నుంచి నడిపిస్తున్న ప్రేమ్ వత్స హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, మద్రాసు ఐఐటీలో ఇంజినీరింగ్ చేసినవారు. ఇన్సూరెన్స్‌లో ప్రీమియం ముందు వస్తుంది, క్లెయిము తర్వాత వస్తుంది. ఆ రెండింటి మధ్య కంపెనీ చేతిలో ఉండే డబ్బును పెట్టుబడిగా పెట్టి సంపాదించడం ఈ వ్యాపారపు అసలు కిటుకు. వత్స పేరు తెచ్చుకున్నది దాంట్లోనే. అందుకే ఏటా తిరిగొచ్చే కస్టమర్ ఏ కంపెనీకైనా బంగారం. కొత్తవాణ్ని వెతికి పట్టుకోవడానికయ్యే కమీషన్ ఖర్చు పాతవాడి దగ్గర ఉండదు.

పాత కస్టమర్‌కు అందుకు తగ్గ ధర దక్కుతుందా అంటే, ప్రపంచ అనుభవం వేరేలా ఉంది. బ్రిటన్‌లో కంపెనీలు కొత్తవాళ్లకు తక్కువ ధర చూపి, ఏటా రెన్యువల్‌లో కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయేవి. కారు, ఇంటి ఇన్సూరెన్స్‌లలో 60 లక్షల మంది ఇలా ఎక్కువ కడుతున్నారని, వాళ్లు సగటు ధరే కట్టి ఉంటే ఏడాదికి 120 కోట్ల పౌండ్లు మిగిలేవని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2018 లెక్కలతో తేల్చింది. 2022 జనవరి 1 నుంచి ఆ అలవాటును నిషేధించింది. అదే కంపెనీ అదే దారిలో కొత్త కస్టమర్‌కు ఇచ్చే ధర కన్నా పాతవాడికి రెన్యువల్ ధర ఎక్కువ ఉండటానికి వీల్లేదు.

కువైట్‌లో ఉన్న మనిషి ఈ పరీక్షను సొంతంగా చేసుకోవచ్చు. అదే కంపెనీకి కొత్తవాడిలా ఫోన్ చేసి, అదే కారుకు, అదే షరతులతో ధర అడగాలి. తేడా ఉంటే దాన్ని చూపించి రెన్యువల్ తగ్గించమనాలి. అడిగిన వాడికి తగ్గించడం అక్కడ సర్వసాధారణం. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ కడుతున్నారు. గడువుకు రెండు రోజుల ముందు మొదలుపెడితే ఈ బేరానికి టైముండదు. మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టాలి. ట్రాఫిక్ జరిమానాలు కట్టకపోతే దఫ్తర్ కదలదు కాబట్టి సహెల్ యాప్‌లో వాటినీ అప్పుడే చూసుకోవడం మంచిది. 2025 ఏప్రిల్ 22 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో ఫోన్ పట్టుకుని నడిపితే 75 దీనార్లు, రెడ్ సిగ్నల్ దాటితే 150. ఒక్క సిగ్నల్ దాటిన జరిమానాతో పైన చెప్పిన ఫుల్ పాలసీ ఒకటి కొనుక్కోవచ్చు.

రాయి, వాన, ఎండ

అదనపు సదుపాయాల జాబితా ప్రతి కొటేషన్‌లోనూ పొడుగ్గా ఉంటుంది. వాటిని కువైట్ రోడ్ల మీద పెట్టి చూడాలి. అక్కడ ఏది ఎక్కువగా జరుగుతుందో దానికే డబ్బు పెట్టాలి.

మొదటిది అద్దం. 2018 నవంబర్‌లో కురిసిన వానలకు కువైట్ రోడ్ల తారు పొర రేగిపోయి కంకర పైకొచ్చింది. ఆ తర్వాత ఎన్నో శీతాకాలాల్లో వాన పడ్డాక ఇదే గొడవ. లారీ టైరు కింది నుంచి ఎగిరిన రాయి విండ్‌షీల్డ్‌కు తగులుతుంది. మొదట శనగబద్దంత మచ్చ పడుతుంది, పట్టించుకోబుద్ధి కాదు. వేసవిలో బయట అద్దం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లోపల ఏసీ గాలి నేరుగా దానికే కొడుతుంది. ఒకే అద్దం బయటివైపు సాగుతూ, లోపలివైపు ముడుచుకుంటుంటే ఆ మచ్చ అంచు నుంచి సన్నటి గీత బయల్దేరి, రోజుకింత జరిగి, చివరికి డ్రైవర్ కళ్ల ముందు అడ్డంగా పరుచుకుంటుంది. కొత్త మోడళ్లలో లేన్ దాటితే హెచ్చరించే కెమెరా ఆ అద్దానికే అతుక్కుని ఉంటుంది. అద్దం మారిస్తే కెమెరాను మళ్లీ సరిచేయాలి, దానికి వేరే బిల్లు. ఫహాహీల్ నుంచి సిటీకి రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు అద్దం కవరు కొనదగ్గదే. కొనేముందు రెండు సంగతులు అడగాలి. అద్దానికి మామూలు క్లెయిములాగే 50 దీనార్లు భరించాలా, లేక అది మినహాయింపా? కెమెరా సరిచేసే ఖర్చు కలిపారా?

రెండోది వరద. ఎడారిలో వరదేమిటనుకునే రోజులు పోయాయి. ఏడాది మొత్తానికి సగటున 120 మిల్లీమీటర్ల లోపే వాన పడే దేశం అది. అయినా 2018 నవంబర్‌లో ఫహాహీల్, మంగాఫ్ వైపు రోడ్లు, అండర్‌పాస్‌లు నిండిపోయి కార్లు మునిగాయి. జనం కోపానికి ప్రజాపనుల మంత్రి హుస్సామ్ అల్ రూమీ రాజీనామా చేశారు. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో అల్ ఐన్ ప్రాంతంలో 24 గంటల్లో 254 మిల్లీమీటర్లు కురిసింది. దుబాయ్ రోడ్ల మీద వదిలేసిన కార్ల బారులు అందరూ చూశారు. ఆ తర్వాత అక్కడ మోటార్ ప్రీమియంలు పెరిగాయి.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని వాననష్టం అందులో ఉందనుకోకూడదు. కొన్ని పాలసీలు ప్రకృతి విపత్తులను మినహాయిస్తాయి, విడిగా డబ్బు కడితేనే కలుపుతాయి. కలిపినా ఇంజిన్ దగ్గర పేచీ వస్తుంది. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే గాలి వెళ్లాల్సిన దారిలో నీళ్లు సిలిండర్‌లోకి చేరతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. అది వాన వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని కంపెనీ అంటుంది. హైదరాబాద్‌లోనూ వానాకాలం తర్వాత ఇదే గొడవ, అందుకే మన దేశంలో ఇంజిన్ రక్షణ పేరుతో విడిగా ఒక సదుపాయం అమ్ముతున్నారు. నీళ్లలో ఆగిన కారును తాళం తిప్పకుండా క్రేనుతో లాగించడమే దారి. లాగించే సదుపాయం పాలసీలో ఉందో లేదో ఆ రోజు వెతుక్కునే పని పెట్టుకోకూడదు.

ఎండ విషయానికొస్తే, 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది. ఆ వేడికి బ్యాటరీలు అర్ధాంతరంగా చచ్చిపోతాయి, పాత టైర్లు పగులుతాయి. పాలసీ వీటికి డబ్బివ్వదు, అవి అరుగుదల కింద పోతాయి. రోడ్డు మీదికి మనిషి వచ్చి సాయం చేసే సదుపాయం మాత్రం తక్కువ ధరకే దొరుకుతుంది. పిల్లలతో తిరిగే కుటుంబానికి దాని విలువ డబ్బు కన్నా ఎక్కువ.

డీలర్ వర్క్‌షాపులోనే చేయించే ఏజెన్సీ రిపేరు కొత్త కారుకు సరే, వారంటీ తీరిన కారుకు దాని కోసం ఎక్కువ కట్టడం దండగ. బదులు కారు ఇచ్చే సదుపాయం రెండో కారు లేని ఉద్యోగికి పనికొస్తుంది, రోజులెన్నో చూసుకోవాలి. నువైసీబ్, సాల్మీ సరిహద్దులు దాటి ఉమ్రాకో, బంధువుల దగ్గరికో సౌదీ వెళ్లేవాళ్లకు కువైట్ పాలసీ సరిహద్దు దాకానే పనిచేయవచ్చు. అవతల థర్డ్ పార్టీ కవరు వేరే కావాలి, సొంత కారు నష్టానికి గల్ఫ్ దేశాలన్నిటికీ వర్తించే పొడిగింపు ఉందేమో ముందే చూడాలి.

సేఠ్ కారు, డ్రైవర్ ప్రాణం

కువైట్‌లో మన వాళ్లలో ఇంటి డ్రైవర్లు చాలామంది. కారు వాళ్లది కాదు, పాలసీ వాళ్ల పేరున ఉండదు, కొటేషన్ వాళ్ల కంటపడదు. కానీ రోజుకు పది పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకునేది వాళ్లే. ఈ కథనంలో ఇన్సూరెన్స్ గురించి అందరికన్నా ఎక్కువ తెలియాల్సింది వాళ్లకే.

పనిలో చేరిన మొదటి వారంలోనే దఫ్తర్, ఇన్సూరెన్స్ గడువులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. గడువు దాటిన కారు నడపమంటే మర్యాదగా తేదీ చూపించాలి. లైసెన్సు ఏ తరగతి వాహనానికి ఇచ్చారో ఆ వాహనమే నడపాలి. గుద్దితే యజమాని భరించాల్సిన మొత్తం ఎవరు కడతారన్న మాట ముందే తేలాలి. తర్వాత జీతంలో కోసుకోవడం దగ్గర వచ్చే తగాదాలు అన్నీ ఈ మాట తేలకపోవడం వల్లే. ప్రమాదం జరిగితే బండి కదపకముందే ఫొటోలు తీసి, 112కు ఫోన్ చేసి, పోలీసు కాగితం తీసుకోవాలి. ఆ కాగితం లేకుండా కంపెనీ క్లెయిము ముట్టదు. అరబీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టేముందు తెలిసినవాళ్లతో చదివించుకోవాలి.

మొదట్లో చెప్పిన మాట ఇక్కడ బరువెక్కుతుంది. తప్పు డ్రైవర్‌దైతే థర్డ్ పార్టీ పాలసీ అతన్ని చూడదు. ఫుల్ పాలసీలో డ్రైవర్‌కు, ప్రయాణికులకు వ్యక్తిగత ప్రమాద బీమా కలిపే వీలుంటుంది. సేఠ్ దాన్ని కలిపాడా అన్నది అడిగి తెలుసుకోదగ్గ విషయం. అది లేకపోయినా మన ప్రభుత్వం వైపు నుంచి ఒకటుంది. ప్రభుత్వ వలస పోర్టల్ ఈమిగ్రేట్ ద్వారా వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. గడువు తీరాక దాన్ని ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు. అకామా (నివాస అనుమతి) ఏటా కొట్టించుకునే మనిషి ఈ చిన్న పాలసీని మర్చిపోతున్నాడు. రాయచోటిలో, కోడూరులో అతని మీద ఆధారపడిన కుటుంబానికి దాని నంబరు తెలియదు. ఆంధ్రప్రదేశ్ ప్రవాస తెలుగు సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ నడిపే ప్రవాసాంధ్ర భరోసా కూడా ఇలాంటిదే. రెండు పాలసీల కాపీలూ ఇంటికి వాట్సాప్ చేసి ఉంచాలి.

పాలసీ ముట్టని రోజు

ప్రతి మోటార్ పాలసీలోనూ యుద్ధం, దురాక్రమణ, అంతర్యుద్ధం మినహాయింపుల జాబితాలో ఉంటాయి. మిగతా దేశాల్లో ఆ వరుసను ఎవరూ చదవరు. కువైట్‌లో అది చరిత్ర. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు వచ్చాక లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇంటికొచ్చారు. మన రాయలసీమ వాళ్లూ వాళ్లలో ఉన్నారు. కార్లు అక్కడే ఉండిపోయాయి.

పాలసీలు ముట్టని ఆ నష్టాలకు ఐక్యరాజ్యసమితి 1991లో జెనీవాలో నష్టపరిహార కమిషన్ పెట్టింది. వ్యక్తుల క్లెయిములను పరిశీలించేందుకు వేరే తరగతులు చేసి, కార్ల కోసం మోడల్, తయారీ సంవత్సరాల వారీగా విలువల పట్టికే తయారుచేసుకుంది. ఇరాక్ చమురు ఆదాయం నుంచి మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించి, 2022లో పని ముగించింది. కారు తనదేనని చూపించగలిగిన వాళ్లకు ఆ కాగితాలు అక్కరకొచ్చాయి. ఇప్పుడు దఫ్తర్ ఫోన్‌లోనే ఉంటుంది. దానికి, పాలసీకి, కారు కొన్న రసీదుకు ఒక్కో కాపీ ఊళ్లో ఇంటి దగ్గర కూడా ఉంచడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు.

వెనక్కొచ్చేటప్పుడు తెచ్చుకోవాల్సిన లేఖ

ఏటా ఎంతోమంది కువైట్ వదిలి శాశ్వతంగా ఇంటికొస్తున్నారు. కారు అమ్మేస్తారు, దఫ్తర్ కొన్నవాడి పేరున మారుస్తారు, సామాను కార్గోలో వేస్తారు. పదేళ్లు ఒక్క క్లెయిమూ లేకుండా నడిపిన చరిత్రను మాత్రం అక్కడే వదిలేస్తారు.

మన దేశంలో క్లెయిము లేని ఏడాదికి సొంత కారు నష్టం ప్రీమియంలో 20 శాతంతో మొదలై, వరసగా ఐదేళ్లకు 50 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. విదేశంలో సంపాదించుకున్న ఈ తగ్గింపును, అక్కడి పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ కొత్త పాలసీ తీసుకుంటే, రుజువు చూపి వాడుకునే వీలును ఇండియన్ మోటార్ టారిఫ్ నిబంధనల్లోనే పెట్టారు. కడపలోనో, తిరుపతిలోనో పది లక్షల కారు కొనేవాడికి ఇది మొదటి ఏడాదే వేల రూపాయల తేడా. షోరూములో కూర్చున్న ఏజెంటు ఈ మాట తనంతట తాను చెప్పడు, కంపెనీని నేరుగా అడగాలి.

అందుకు కావాల్సింది కువైట్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ. పాలసీదారు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాలసీ నంబర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పాలసీ నడిచిందో, ఆ కాలంలో క్లెయిము లేదన్న మాట, కంపెనీ ముద్ర, సంతకం ఉండాలి. అరబీలో ఇస్తే ఇంగ్లిషు కాపీ కూడా అడగాలి. ఇది అకామా రద్దు కాకముందే, లోకల్ సిమ్ పనిచేస్తుండగానే చేయించుకోవాలి. మధ్యలో కంపెనీ మార్చినవాళ్లు పాత కంపెనీ నుంచి కూడా విడిగా ఇంకో లేఖ తీసుకోవాలి.